గోవాకి రెండు ఎయిర్‌పోర్టులు: హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళు మోపా దిగాలా, దబోలిం దిగాలా?

హైదరాబాద్‌లో గోవా ప్లాన్ ఎలా మొదలవుతుందో తెలిసిందే కదా. వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో ఒకరు టికెట్ రేటు స్క్రీన్‌షాట్ పడేస్తారు, ఇంకొకరు "బుక్ చేసేయ్ రా, రేపటికి పెరిగిపోద్ది" అంటారు, అరగంటలో అందరి డబ్బులూ ఫోన్‌పేలో వెళ్ళిపోతాయి. ఆ విమానం ఎక్కడ దిగుతుందో మాత్రం ఎవరూ చూడరు. గోవా అని రాసుంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు.

కావాలి. గోవాకి ఇప్పుడు రెండు ఎయిర్‌పోర్టులున్నాయి. ఒకటి ఉత్తరం కొసన మహారాష్ట్ర సరిహద్దు పక్కనే ఉంది, ఇంకోటి వాస్కో ఊరి పక్కన ఉంది, రెండింటికీ మధ్య రోడ్డు మీద 60 కిలోమీటర్ల పైనే. అసలే అది టాక్సీలు ఖరీదైన రాష్ట్రం, కాబట్టి టికెట్‌లో మిగిలిందనుకున్న ఏడెనిమిది వందలు దిగిన గంటలోనే రెట్టింపై పోతాయి. అందుకే నేను చెప్పే వరస ఇది: ముందు ఏ బీచ్ దగ్గర ఉంటారో తేల్చుకోండి, దాన్ని బట్టి ఎయిర్‌పోర్టు, ఆ తర్వాతే టికెట్. జనం దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు.

అసలు రెండు ఎందుకున్నాయంటే

దబోలిం పాతది. 1950లలో పోర్చుగీసు వాళ్ళు కట్టుకున్నారు. 1961 డిసెంబరులో గోవా విముక్తి కోసం జరిగిన ఆపరేషన్ విజయ్‌లో మన వైమానిక దళమే ఆ రన్‌వే మీద బాంబులేసింది. తర్వాత అది నౌకాదళం చేతికొచ్చింది, ఇప్పటికీ అక్కడున్నది ఐఎన్ఎస్ హంస అనే నేవీ స్థావరమే. పౌర విమానాల టెర్మినల్‌ని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నడుపుతుంది గానీ రన్‌వే మాత్రం నేవీది. వారంలో పనిరోజుల్లో పొద్దున పూట కొన్ని గంటలు నేవీ శిక్షణ విమానాలకే కేటాయించుకుంటుంది, అందుకే దబోలిం వెళ్ళే విమానాల్లో పొద్దున తొమ్మిదికో పదింటికో దిగేవి వెతికితే దాదాపు కనిపించవు. 2013లో కొత్త టెర్మినల్ కట్టారు, బాగానే ఉంటుంది, కానీ చుట్టూ నేవీ స్థలమూ ఊరూ ఉంటే ఎంతని పెంచుతారు?

ఆ ఇరుకు తట్టుకోలేకే పెర్నెం తాలూకాలో మోపా పీఠభూమి మీద రెండోది కట్టారు. 2016లో శంకుస్థాపన అయింది, మధ్యలో పర్యావరణ అనుమతుల మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2019లో పనులు ఆగిపోయాయి, 2020లో మళ్ళీ పచ్చజెండా దొరికింది. 2022 డిసెంబరు 11న ప్రారంభించి మనోహర్ అంతర్జాతీయ విమానాశ్రయం అని పేరు పెట్టారు, మాజీ ముఖ్యమంత్రి మనోహర్ పారికర్ గుర్తుగా. కట్టి నడుపుతున్నది మన రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ వాళ్ళే, శంషాబాద్ కట్టింది కూడా వాళ్ళే కదా. 2023 జనవరి 5న అక్కడ దిగిన మొట్టమొదటి ప్రయాణికుల విమానం ఎక్కడి నుంచి వెళ్ళిందో తెలుసా? హైదరాబాద్ నుంచే. గోవా మీద మనవాళ్ళ మోజు ఆ స్థాయిలో ఉంది మరి.

టికెట్ మీద చూడాల్సింది ఊరి పేరు కాదు, మూడక్షరాల కోడ్. జీఓఐ అని ఉంటే దబోలిం, జీఓఎక్స్ అని ఉంటే మోపా. కొన్ని యాప్‌లలో రెండూ కలిపి "గోవా, అన్ని విమానాశ్రయాలు" అని ఒకే జాబితాలో వచ్చేస్తాయి, రేటు మాత్రం పెద్ద అక్షరాల్లో, కోడ్ ఎక్కడో చిన్నగా బూడిద రంగులో ఉంటుంది. అది వేలితో పెద్దది చేసి చూశాకే డబ్బులు కట్టండి.

మొదటి పని: బీచ్ తేల్చుకోవడం

గ్రూప్‌లో "నార్త్ గోవానా, సౌత్ గోవానా" అనే గొడవ ముందే పడి తేల్చేసుకోండి. అన్నీ చూద్దాం అని ఎవరైనా అంటే వాళ్ళు గోవా మ్యాప్ చూడలేదని అర్థం. చూడ్డానికి చిన్న రాష్ట్రమే, కానీ అరంబోల్ నుంచి పాలోలెం వెళ్ళాలంటే రోడ్డు మీద సగం పూట పోతుంది.

అరంబోల్, మాండ్రెం, మోర్జిం, అశ్వెం వైపు ఉంటున్నారా? ఆలోచించక్కర్లేదు, మోపానే. పాతిక కిలోమీటర్ల లోపు వ్యవహారం. ఇవే బీచ్‌లకి దబోలిం నుంచి రావాలంటే 60 కిలోమీటర్ల దాకా పడుతుంది, పైగా పణజి, మపూసా ట్రాఫిక్ దాటుకుని రావాలి. వాగటోర్, అంజునా కూడా మోపాకే దగ్గర, ఓ 30 కిలోమీటర్లు.

బాగా, కలంగూట్, కాండోలిం. హైదరాబాదీల్లో ఎక్కువమంది దిగేది ఇక్కడే, అసలు చిక్కు కూడా ఇక్కడే. మోపా నుంచి సుమారు 35, దబోలిం నుంచి సుమారు 40. అంటే పెద్ద తేడా లేదు. ఇక్కడ ఉండేవాళ్ళు మాత్రం ఏ టికెట్ చౌకైతే అది, ఏ సమయం కుదిరితే అది తీసుకోవచ్చు. పణజిలో ఉండేవాళ్ళకీ ఇదే లెక్క, దబోలిం ఓ ఐదారు కిలోమీటర్లు దగ్గరవుతుంది, అంతే.

కోల్వా, బెనౌలిం, వార్కా, కావెలోసిం అంటే పెద్ద రిసార్టులుండే దక్షిణపు తీరం, ఇక్కడికి దబోలిం తప్ప ఇంకోటి వద్దు. మడ్గావ్‌కి దబోలిం నుంచి పాతిక కిలోమీటర్లే, మోపా నుంచైతే 65 పైన. అమ్మానాన్నలతోనో చిన్నపిల్లలతోనో వెళ్తూ ఇక్కడ రిసార్ట్ బుక్ చేసుకుని, వెయ్యి రూపాయలు తగ్గిందని మోపా టికెట్ కొంటే ఆ వెయ్యీ మిగలదు, రెండు గంటల టాక్సీ ప్రయాణం అదనం. పాలోలెం, అగోండా అయితే ఇంకా దూరం: దబోలిం నుంచి 60, మోపా నుంచి దాదాపు 100. మోపా నుంచి పాలోలెంకి టాక్సీ అంటే మూడు వేల పైమాటే.

ఇంకో రెండు రకాల జనం ఉన్నారు. గోకర్ణ వెళ్ళేవాళ్ళు గోవాలో దిగి కారు తీసుకుంటారు, వాళ్ళకి దబోలిమే. మహారాష్ట్ర వైపు వెంగుర్లా, మాల్వణ్, తార్కర్లీ చూద్దామనుకునేవాళ్ళకి మోపా బంగారం లాంటిది, సరిహద్దు పక్కనే కాబట్టి వెంగుర్లాకి గంటలో చేరిపోవచ్చు. ఆ తీరంలో గోవా రద్దీలో సగం కూడా ఉండదు. చేపల భోజనం మాత్రం అదిరిపోతుంది.

రెండో పని: టికెట్

ఇప్పుడు టికెట్ చూడండి. యాప్‌లో "గోవా" అని కొట్టకుండా మోపా ఒకసారి, దబోలిం ఒకసారి విడివిడిగా వెతకండి. ప్రయాణం ఎటు వెళ్ళినా గంటన్నర లోపే. రేటు పక్కన కాగితం మీద టాక్సీ ఖర్చు కూడా రాసుకోండి, రానూపోనూ. నలుగురైతే టాక్సీని నాలుగుతో భాగిస్తారు కాబట్టి తేడా తగ్గుతుంది, ఇద్దరే అయితే ఈ లెక్క చాలాసార్లు టికెట్ తేడాని మింగేస్తుంది.

చాలామంది వాడని ఒక ఉపాయం ఉంది. వెళ్ళేటప్పుడు ఒక ఎయిర్‌పోర్టు, వచ్చేటప్పుడు ఇంకోటి. రెండు టికెట్లూ విడిగా కొన్నా దేశీయ విమానాల్లో రానూపోనూ కలిపి కొన్నా రేటులో పెద్ద తేడా ఉండదు కాబట్టి, మోపాలో దిగి రెండు రోజులు ఉత్తరంలో, తర్వాత మెల్లగా కిందికి దిగి రెండు రోజులు దక్షిణంలో ఉండి, దబోలింలో ఎక్కేయొచ్చు. వెళ్ళిన దారినే వెనక్కి రానక్కర్లేదు. అద్దెకారు తీసుకుంటే మాత్రం, ఒక చోట తీసుకుని ఇంకో చోట ఇస్తే అదనంగా ఎంతో ముందే అడగండి.

రైలు ఇష్టమున్నవాళ్ళకి ఇంకా మంచి జోడీ ఉంది. సికింద్రాబాద్ నుంచి వాస్కోకి 2024 అక్టోబరులో వారానికి రెండుసార్లు నడిచే రైలు మొదలైంది. కర్నూలు, గుంతకల్లు, హుబ్బళ్ళి మీదుగా పోయి, పడమటి కనుమల్లో దూధ్‌సాగర్ జలపాతం పక్క నుంచి దిగుతుంది. వాస్కో స్టేషన్‌కి దబోలిం ఎయిర్‌పోర్టు కూతవేటు దూరం. వెళ్ళేటప్పుడు రైల్లో తీరిగ్గా, వచ్చేటప్పుడు అలిసిపోయి ఉంటారు కాబట్టి దబోలిం నుంచి విమానంలో గంటన్నరలో ఇంటికి. వానాకాలంలో అయితే ఆ ఘాట్ సెక్షన్ కోసమే రైలెక్కొచ్చు.

సమయం సంగతి. శుక్రవారం సాయంత్రం వెళ్ళి ఆదివారం రాత్రి వచ్చే టికెట్లు అందరికీ కావాలి, అందుకే అవే మండిపోతుంటాయి. సోమవారం పొద్దున్నే మొదటి విమానం దొరికితే చూడండి, ఆఫీసుకి ఓ గంట ఆలస్యంగా వస్తానని మేనేజర్‌ని ఒప్పించుకోవాలి, అది మీ పాట్లు. డిసెంబరు ఆఖరి వారం గురించి చెప్పడానికేం లేదు, విమానం, గది, బండి అన్నీ రెండింతలు మూడింతలు అవుతాయి. తప్పదంటే చాలా ముందే కొనండి, లేదంటే జనవరి రెండో వారానికి జరుపుకోండి. సముద్రం ఎక్కడికీ పోదు.

పేర్లు. ఇది మన తెలుగువాళ్ళకి ప్రత్యేకమైన తలనొప్పి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, టికెట్ ఫారంలో మాత్రం మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు అడుగుతాడు. గ్రూప్‌లో ఒకడే అందరికీ బుక్ చేస్తుంటే, ఫోన్‌లో సేవ్ చేసుకున్న ముద్దుపేర్లు టికెట్ మీదకెక్కే ప్రమాదం నిజంగానే ఉంది. ప్రతి ఒక్కరి చేత ఆధార్ మీద ఉన్న స్పెల్లింగ్ గ్రూప్‌లో టైప్ చేయించి, అక్కడి నుంచి కాపీ చేసి పెట్టండి. ఇంటిపేరు వెనక్కి పోయినా ఫర్వాలేదు గానీ, అక్షరాలు మారకూడదు. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్లో నేరుగా కొంటే చిన్న అక్షర దోషాలు దిద్దించుకోవడం తేలిక, మధ్యలో ఇంకో యాప్ ఉంటే వాళ్ళు వీళ్ళ మీద, వీళ్ళు వాళ్ళ మీద చెప్పుకుంటూ మిమ్మల్ని తిప్పుతారు.

మూడో పని: శంషాబాద్ దాకా

ఇది అందరికీ అలవాటైన దారే కాబట్టి క్లుప్తంగా. గచ్చిబౌలి, కూకట్‌పల్లి వైపు వాళ్ళు ఔటర్ రింగ్ రోడ్ పట్టుకుంటారు, మెహిదీపట్నం వైపు వాళ్ళకి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, దాని మీదకి బైకులు రానివ్వరని గుర్తుంచుకోండి. ఒక్కరే వెళ్తుంటే ఆర్టీసీ పుష్పక్ బస్సు కంటే మంచి బేరం లేదు. సామాను పెట్టుకోవడానికి చోటుంటుంది, క్యాబ్ డ్రైవర్ రైడ్ క్యాన్సిల్ చేస్తాడేమో అన్న టెన్షన్ ఉండదు.

దేశీయ విమానాలకి సామాను కౌంటర్ సాధారణంగా విమానం బయల్దేరే 60 నిమిషాల ముందు మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు. శుక్రవారం సాయంత్రం ఔటర్ మీద ఏం జరుగుతుందో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. ముఖం చూసి లోపలికి వదిలే డిజీయాత్ర యాప్ ఇంట్లోనే ఫోన్‌లో పెట్టుకుని, బోర్డింగ్ పాస్ జతచేసుకుని వెళ్తే లోపలికి వెళ్ళే వరుసలో కొంత సమయం కలిసొస్తుంది. పేరు ఆధార్‌తో కలవకపోతే ఈ యాప్ తీసుకోదు, పైన పేర్ల గురించి అంత నొక్కి నొక్కి చెప్పింది అందుకే.

బ్యాగుల్లో మనవాళ్ళు పెట్టే వాటి గురించి రెండు ముక్కలు. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి, కింద వేసే దాంట్లో పెడితే బ్యాగు ఆపేస్తారు. ఆవకాయ, గోంగూర సీసాలు చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర మొహమాటం లేకుండా పక్కన పెట్టేస్తారు, కింద వేసే బ్యాగులో కవర్ల మీద కవర్లు చుట్టి పెట్టండి. ఎండుకొబ్బరి అసలే వద్దు, నూనె ఎక్కువ కాబట్టి వేడికి అంటుకునే వస్తువుల కింద లెక్క.

నాలుగో పని: దిగాక

ముందే చెప్తున్నా, గోవాలో ఓలా, ఊబర్ నడవవు. ఇక్కడి స్థానిక టాక్సీల సంఘాలు గట్టివి, యాప్ క్యాబ్‌ల మీద ఏళ్ళ తరబడి గొడవలు నడిచాయి, నడుస్తున్నాయి. ఉన్న యాప్ గోవామైల్స్, 2018లో రాష్ట్ర ప్రభుత్వ మద్దతుతో వచ్చింది. విమానం ఎక్కేముందే ఫోన్‌లో పెట్టుకోండి. ఎయిర్‌పోర్టుల నుంచి బాగానే పనిచేస్తుంది, కానీ తిరుగు ప్రయాణంలో కొన్ని బీచ్‌ల దగ్గర హోటల్ గుమ్మం ముందుకి రావడానికి వాళ్ళు జంకుతారు, కాస్త దూరంగా మెయిన్ రోడ్డు మీదకి రమ్మంటారు. అది డ్రైవర్ తప్పు కాదు, అక్కడి పరిస్థితి అలాంటిది.

మోపాలో దిగితే బయటకి రాగానే టాక్సీ కౌంటర్లు కనిపిస్తాయి. ముందుగా డబ్బు కట్టి రసీదు తీసుకునే పద్ధతి, బేరాల్లేవు. ఎయిర్‌పోర్టు నుంచి జాతీయ రహదారి 66 దాకా ప్రత్యేకంగా వేసిన రోడ్డు 2024లో పూర్తిగా తెరిచారు, అంతకుముందు ఊళ్ళ మధ్య నుంచి పోయేవాళ్ళు, ఇప్పుడు ఆ బాధ లేదు. కలంగూట్‌కి గంట లెక్కేసుకోండి.

నా ఓటు మాత్రం బస్సుకే. కదంబ అని గోవా ఆర్టీసీ, వాళ్ళు మోపా నుంచి ఎలక్ట్రిక్ ఏసీ బస్సులు నడుపుతారు. పణజి వైపు, మపూసా మీదుగా కలంగూట్ వైపు, మడ్గావ్ వైపు వెళ్తాయి. టాక్సీకి వేలల్లో అయ్యేది వందల్లో అయిపోతుంది. ఒక్కరో ఇద్దరో, ఒక్కో బ్యాగుతో వెళ్తుంటే ఇదే సరైన దారి. చిక్కేంటంటే బస్సుకీ బస్సుకీ మధ్య ఖాళీ ఉంటుంది, అర్ధరాత్రి దిగేవాళ్ళకి దొరకకపోవచ్చు. విమానం ఆగి ఫోన్ ఆన్ చేయగానే తర్వాతి బస్సు ఎప్పుడో చూసుకోండి, బ్యాగు వచ్చేదాకా నిలబడి ఆలోచిస్తూ కూర్చుంటే ఆ బస్సు కాస్తా వెళ్ళిపోతుంది.

దబోలింలో దిగేటప్పుడు, గాలి వాటం కలిసొచ్చి సముద్రం వైపు నుంచి దిగితే, చక్రాలు నేలకి తగిలేదాకా కిటికీలో నీళ్ళే కనిపిస్తాయి. చూడండి, కానీ ఫొటోలు వీడియోలు తీయకండి, అది నేవీ స్థావరం, రక్షణ శాఖ ఎయిర్‌ఫీల్డుల్లో చిత్రీకరణ నిషేధం. విమానంలో సిబ్బంది కూడా చెప్తారు, మనవాళ్ళు రీల్ కోసం తీస్తూనే ఉంటారు, అనవసరమైన గొడవ.

ఇక్కడ కూడా ప్రీపెయిడ్ టాక్సీ, గోవామైల్స్, కదంబ బస్సులు ఉన్నాయి. బ్యాగు చిన్నదైతే ఇంకో చవక దారి: వాస్కో బస్టాండ్‌కి వెళ్తే అక్కడి నుంచి పణజికి, మడ్గావ్‌కి మధ్యలో ఎక్కడా ఆగని కదంబ షటిల్ బస్సులుంటాయి. టికెట్ కౌంటర్‌లో తీసుకుని వరుసలో ఎక్కడమే, నిలబడి ప్రయాణం చేసే పని ఉండదు. పణజి వెళ్ళేవాళ్ళకి జువారీ మీద కొత్త వంతెన రావడం వల్ల పాత ట్రాఫిక్ జామ్ చాలా తగ్గింది. ఒకప్పుడు ఆ పాత వంతెన దగ్గరే విమానాలు తప్పిపోయేవి జనానికి.

అద్దె బండి

స్కూటీ అయినా కారు అయినా, మొదట చూడాల్సింది నంబర్ ప్లేటు. అద్దెకిచ్చే సొంత డ్రైవింగ్ బండ్లకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటు అంటే ఎవరిదో సొంత బండి, అద్దెకివ్వడానికి లైసెన్స్ లేనిది. అది వంద రూపాయలు తక్కువకి ఇస్తారు, పోలీసు ఆపితే జరిమానా మీకు, ఏదైనా తగిలితే ఇన్సూరెన్స్ మీకు రాదు. తెల్ల ప్లేటు అద్దె బండి మీద తెలంగాణ, ఏపీ లైసెన్సున్నవాళ్ళు గోవా పోలీసులకి దొరికితే ఇంక అడగక్కర్లేదు.

తీసుకునే ముందు బండి చుట్టూ ఒకసారి తిరుగుతూ వీడియో తీయండి, ఉన్న గీతల మీద వేలు పెట్టి చూపిస్తూ, ఓనర్ గొంతు కూడా వినపడేలా. పెట్రోలు ముల్లు ఎక్కడుందో అది కూడా. ఓనర్ మొహం చిట్లిస్తే ఆ బండి మనకి వద్దు. లైసెన్స్ డిజీలాకర్‌లో ఉంటే చాలు, ఆధార్ ఒరిజినల్ తాకట్టు పెట్టమంటే ఇవ్వకండి, డిపాజిట్ డబ్బు తీసుకోమనండి. హెల్మెట్ పెట్టుకోండి, కలంగూట్ సందుల్లో అయినా సరే.

ఎయిర్‌పోర్టు దగ్గరే బండి తీసుకోవాలా, హోటల్ దగ్గర తీసుకోవాలా అని అడుగుతుంటారు. కారైతే ఎయిర్‌పోర్టులో, టాక్సీ ఖర్చు రెండుసార్లు తప్పుతుంది. స్కూటీ అయితే హోటల్ దగ్గరే. మోపా నుంచి పెట్టెలు ముందు పెట్టుకుని హైవే మీద స్కూటీ నడపడం నాకైతే నచ్చదు, వానలో అయితే అసలే వద్దు.

వానాకాలం

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోవా పచ్చగా, సగం ధరకి దొరుకుతుంది. బీచ్ షాక్‌లు, అంటే ఇసుక మీద వేసే తాత్కాలిక హోటళ్ళు, మూసి ఉంటాయి, సముద్రంలోకి దిగనివ్వరు. విమానాలు మబ్బుల వల్ల చుట్టూ తిరగడం, ఒక్కోసారి వేరే ఊరికి మళ్ళించడం ఉంటుంది. ఆ రోజుల్లో తిరుగు విమానం దిగిన రాత్రే ఇంకో ఊరికి బస్సో రైలో పెట్టుకోకండి. అంతే, మిగతాది గొడుగు చూసుకుంటుంది.

ఐదో పని: తిరుగు ప్రయాణం, ఇంకా ఆ సీసాల సంగతి

హోటల్ 11కి ఖాళీ చేయమంటాడు, విమానం రాత్రి 8కి. మధ్యలో ఏం చేయాలి? దబోలిం నుంచి వెళ్ళేవాళ్ళకి సమాధానం సులువు. ఎయిర్‌పోర్టు పక్కనే బోగ్మాలో బీచ్ ఉంది, ఆ దారిలోనే నేవీ వాళ్ళ విమానాల మ్యూజియం ఉంది, సోమవారం సెలవు. ఆరుబయట నిలబెట్టిన పాత సీ హారియర్ యుద్ధవిమానం రెక్క కింద నిలబడి చూడొచ్చు, సూపర్ కాన్‌స్టెలేషన్ అనే నాలుగు ఇంజిన్ల పాతకాలపు పెద్ద విమానం కూడా ఉంది. పిల్లలుంటే ఓ గంటన్నర ఇట్టే గడిచిపోతుంది. మోపా వాళ్ళకి ఇలాంటిది దగ్గర్లో లేదు, వాళ్ళు మపూసాలో భోజనం చేసి, మార్కెట్లో జీడిపప్పు కొనుక్కుని నేరుగా వెళ్ళడం మేలు. ఆ మార్కెట్ శుక్రవారం కిటకిటలాడుతుంది.

కలంగూట్ నుంచి ఏ ఎయిర్‌పోర్టుకైనా బయల్దేరేటప్పుడు విమానానికి మూడున్నర గంటల ముందు కదలండి, డిసెంబరులో నాలుగు. మోపాకా, దబోలింకా అని డ్రైవర్‌కి నోటితో చెప్పండి. "ఎయిర్‌పోర్ట్ బ్రో" అని ఎక్కి పడుకున్నవాళ్ళు తప్పు టెర్మినల్ ముందు కళ్ళు తెరిచిన కథలు బోలెడు.

ఇప్పుడు అసలు విషయం. విమానం రూల్ ప్రకారం 24 శాతం కంటే ఎక్కువ, 70 శాతం లోపు ఆల్కహాలున్న మందు ఒక్కొక్కరు 5 లీటర్ల దాకా కింద వేసే బ్యాగులో తీసుకెళ్ళొచ్చు, దుకాణంలో అమ్మిన సీలు అలాగే ఉండాలి. బీరు, వైన్ లాంటి 24 శాతం లోపు వాటికి ఈ పరిమితి లేదు. ఫెనీ అనే గోవా జీడిమామిడి సారా నలభై శాతం పైన ఉంటుంది కాబట్టి 5 లీటర్ల లెక్కలోకే వస్తుంది. ఊళ్ళో ఎవరో ప్లాస్టిక్ సీసాలో పోసిచ్చిన ఉర్రాక్ (జీడిమామిడి పళ్ళతోనే చేసే తేలికపాటి సారా) మాత్రం సీలు లేదు కాబట్టి కుదరదు, వేసవిలోనే దొరికే సరుకు, అక్కడే తాగేసి రండి.

కానీ ఇది విమానం వాళ్ళ రూల్ మాత్రమే, ఇక్కడే చాలామంది పొరబడతారు. తెలంగాణ ఎక్సైజ్ చట్టం వేరు. బయటి రాష్ట్రంలో పన్ను కట్టిన మందుని అనుమతి లేకుండా ఇక్కడికి తేవడం నేరమే, గోవా దుకాణంవాడు బిల్లు మీద ఏ ముద్ర వేసిచ్చినా సరే. గోవా నుంచి వచ్చిన ప్రయాణికుల బ్యాగులు శంషాబాద్‌లో ఎక్సైజ్ వాళ్ళు తనిఖీ చేసి సీసాలు పట్టుకున్న సంఘటనలు వార్తల్లో వచ్చాయి కూడా. "మా ఫ్రెండ్ ఎప్పుడూ తెస్తాడు" అనేది అక్కడ నిలబడితే పనికొచ్చే మాట కాదు. బాబాయ్ అడిగాడని, ఆఫీసులో బాస్ అడిగాడని మీ బ్యాగులో పెట్టుకుంటే కేసు మీ పేరు మీదే రాస్తారు.

వాళ్ళకి జీడిపప్పు తీసుకెళ్ళండి, లేదా బెబింకా. పొరలు పొరలుగా ఉండే కొబ్బరిపాల కేకు అది, 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. డబ్బా గట్టిది చూసి కొని చేతి బ్యాగులో పైన పెట్టుకోండి, కింద వేస్తే బెల్టు మీదకి వచ్చేసరికి చపాతీ అయిపోతుంది.

విదేశాల నుంచి నేరుగా గోవాకి వచ్చే బంధువులుంటే ఒక మాట చెప్పండి: అంతర్జాతీయ విమానాల్లో చాలా వరకు ఇప్పుడు మోపాకి మారిపోయాయి, ఖతార్ ఎయిర్‌వేస్ 2024 జూన్‌లో దబోలిం వదిలేసింది. హైదరాబాద్ నుంచి మీరు, దోహా నుంచి అన్నయ్య వాళ్ళు ఒకే రోజు దిగి కలుద్దామనుకుంటే రెండు టికెట్ల మీదా జీఓఎక్స్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఒకరి కోసం ఒకరు 60 కిలోమీటర్ల దూరంలో ఎదురుచూస్తారు.